అండాశయపు క్యాన్సరు – రక్తము చెప్పు సాక్ష్యము

స్త్రీలకు సహనము భూషణమని పెద్దలు చెప్పుచుందురు. సంసారవిషయములందు అది యెంతవఱకు నిజమో గాని, దేహమున బుట్టిన బాధను సహించి యూరకుండుట మాత్రము భూషణము కాదు. మా పెద్దమ్మగారి విషయమున నాకిది బాగుగా తెలిసివచ్చినది.

ఆమెకు ఏబదినాలుగవ యేట కడుపుబ్బరము మొదలైనది. రెండు ముద్దలు తినగనే కడుపు నిండినట్లుండెడిది. కుచ్చెళ్ళు దోపుకొనుచోట బిగువుగా నున్నదని, వయసుతోబాటు ఒళ్ళు వచ్చినదని తామే నవ్వుకొనెడివారు. వాము, శొంఠి, జీలకఱ్ఱ కషాయము – వీనితో నాలుగు మాసములు గడచెను. తుదకు కడుపు నీరుపట్టినట్లు కనబడగా పట్టణమునకు గొనిపోయితిమి. వైద్యురాలు స్కానింగు చేయించి, రక్తపరీక్షకు చీటి వ్రాసియిచ్చిరి. మఱునాడే ఫలితము మా అన్నయ్య సెల్‌ఫోనునకు వచ్చినది. అందు "సి.ఏ. 125" అను మాటకెదురుగా 1,180 అను అంకె యున్నది. ప్రక్కన, ఉండదగినది 35 లోపుగా నని యున్నది.

ఇంటిలో నెవ్వరును నోరు మెదపలేదు. ఆ అంకెను పెద్దమ్మగారికి చెప్పరాదని మగవారు నిశ్చయించిరి. కాని యింటిలో దాగు మాట యేది? సాయంకాలము ఆమె నన్ను దగ్గఱకు బిలిచి, "అమ్మాయీ, నీకు చదువు వచ్చును గదా, నిజము చెప్పుము. ముప్పదియైదుండవలసినచోట వేయినూటయెనుబది యున్నదట. రోగము ముప్పదిమూడు రెట్లు ముదిరినదనియా దాని యర్థము?" అని యడిగిరి.

ఆనాడు నేను బదులు చెప్పలేకపోయితిని. అదే మాసమున మా వీధిలో ఇరువదియెనిమిదేండ్ల కోడలికి నెలసరినొప్పికై చేయించిన పరీక్షలో అదే పదార్థము 96 అని తేలినది. ఆమె అత్తగారు ఆ కాగితము పట్టుకొని గుమ్మములో కూలబడి యేడ్చినది. ఈ రెండు కాగితములే నన్ను ఈ విషయమును గూర్చి చదువునట్లును, వైద్యుల నడిగి తెలిసికొనునట్లును చేసినవి. తెలిసికొన్నదానిని సోదరీమణులకు నివేదించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

రోగస్థానము – దాని దశలు

అండాశయములు రెండు. గర్భాశయమున కిరుప్రక్కల, కటిప్రదేశమున లోతుగా, ఒక్కొక్కటి బాదముకాయ పరిమాణమున నుండును. రొమ్మున గడ్డ పుట్టినచో చేతికి తగులును. గర్భాశయముఖమున మార్పు కలిగినచో వైద్యురాలు కంటితో చూచి కనిపెట్టవచ్చును. అండాశయము చేతికందదు, కంటికి గానరాదు. అచట బుట్టిన గడ్డకు పెరుగుటకు కావలసినంత చోటున్నది. కావుననే యీ వ్యాధి చాలమందికి ముదిరిన పిమ్మటనే బయటపడుచున్నది. అండాశయపు క్యాన్సరని మనము చెప్పుకొను దానిలో మిక్కిలి తఱచుగా వచ్చు రకము, నిజమునకు, అండవాహికయొక్క కొసనుండి మొదలగుచున్నదని యిటీవలి పరిశోధకులు చాలమంది తలచుచున్నారు.

2022లో ప్రపంచమున సుమారు 3,24,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినదనియు, సుమారు 2,07,000 మంది దానిచే మరణించిరనియు అంతర్జాతీయగణనము చెప్పుచున్నది. మన దేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము, గర్భాశయముఖము మొదటి రెండు స్థానములందుండగా, అండాశయమునది మూడవ స్థానము.

వైద్యులు ఈ వ్యాధిని నాలుగు దశలుగా విభజించిరి. స్త్రీవ్యాధి ప్రసూతివైద్యుల అంతర్జాతీయసమాఖ్య 2014లో సవరించిన విభాగము ఇప్పుడు వాడుకలో నున్నది. అండాశయములలోగాని అండవాహికలలోగాని నిలిచియున్నచో మొదటి దశ. కటిప్రదేశములోని యితర భాగములకు బ్రాకినచో రెండవది. కటిని దాటి, ప్రేగుల నావరించియున్న పొరపై ఆవగింజలు చల్లినట్లు వ్యాపించినను, కడుపులోపలి శోషరసగ్రంథులను చేరినను మూడవది. కాలేయముయొక్క లోపలిభాగమునకో, ఊపిరితిత్తులవైపునకో, మఱి దూరపు అవయవములకో పోయినచో నాలుగవది. అమెరికా దేశపు లెక్కలనుబట్టి, పుట్టినచోటనే నిలిచియుండగా కనుగొన్నచో అయిదేండ్లు గడుపువారు నూటికి 90 మందికి పైగా నున్నారు. దూరమునకు వ్యాపించిన పిమ్మట కనుగొన్నవారిలో ఆ సంఖ్య సుమారు 30 మాత్రమే. ఇంత వ్యత్యాసమున్నది కనుకనే, కడుపు కోయకమునుపే రక్తమును జూచి దశను, మునుముందు గతిని తెలిసికొన వీలగునా యని వైద్యలోకము నలువదియేండ్లకు పైగా ప్రయత్నించుచున్నది.

ఆ అంకె యెట్లు పుట్టినది?

1975లో కోహ్లర్, మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు ఒకే యొక లక్ష్యమును గుర్తుపట్టు యాంటీబాడీలను కావలసినంతగా తయారుచేయు ఉపాయమును కనుగొనిరి. 1984లో వారికి నోబెలు బహుమానము లభించినది. ఆ యుపాయమునే యాధారముగా గొని, బోస్టన్ నగరమున రాబర్టు బాస్ట్, రాబర్టు నాప్ అను వైద్యులును, వారి సహచరులును అండాశయపు క్యాన్సరు కణములను ఎలుకలకెక్కించి, వానినుండి వచ్చిన యాంటీబాడీలను ఒకటి వెనుక నొకటి పరీక్షించిరి. వరుసలో 125వది వారి పనికి సరిపోయినది. 1981లో దానిని ప్రకటించిరి. ఆ యాంటీబాడీ పట్టుకొను పదార్థమునకే సి.ఏ. 125 అను పేరు. చాలమంది యీ 125ను ఏదో కొలత యనుకొందురు. అది వరుససంఖ్య మాత్రమే.

ఈ పదార్థము చక్కెరలు కలసిన మిక్కిలి పెద్ద మాంసకృత్తు. ఇది రోగముతో నూతనముగా బుట్టునది కాదు. మన ప్రేగులపై పొర, ఊపిరితిత్తులపై పొర, గర్భాశయపు లోపొర, కడకు కంటిపై పొర కూడ దీనిని తయారుచేయుచునే యుండును. ఆ పొరలకు ఎట్టి ఱాపిడి కలిగినను ఇది రక్తములోనికి హెచ్చుగా దిగును. 1983లో బాస్ట్ మొదలగువారు 888 మంది ఆరోగ్యవంతుల రక్తమును పరీక్షింపగా, నూటికి ఒకరికి మాత్రమే మిల్లీలీటరునకు 35 యూనిట్లకు మించియుండెను. అండాశయపు క్యాన్సరున్న 101 మందిలో నూటికి 82 వంతులవారికి ఆ హద్దు దాటియుండెను. నేడు మన కాగితములపై నచ్చగు 35 అను హద్దు నాటినుండి వచ్చినదే.

పొగయా, మంచుతెరయా?

కొండపై పొగ కనబడినచో నిప్పున్నదని యూహింపవచ్చునని తర్కశాస్త్రమున మొదటి పాఠము. ఆ యూహ నిలువవలెనన్న, పొగయున్న ప్రతిచోటను నిప్పుండితీరవలెను. సి.ఏ. 125 అట్టి నియతమైన గుఱుతు కాదు. దూరమునుండి చూచువారికి మంచుతెరయు పొగవలెనే కనబడును గదా.

గర్భాశయపు లోపొరవంటి కణజాలము వెలుపల పెరుగు ఎండోమెట్రియోసిస్ అను వ్యాధిలోను, గర్భాశయపు కండగడ్డలలోను, కటిప్రదేశపు వాపులలోను ఇది హెచ్చును. నెలసరిదినములలోను, గర్భముదాల్చిన తొలిమాసములలోను హెచ్చుట కలదు. కాలేయము చెడి జలోదరము వచ్చినవారికిని, గుండె బలహీనమై నీరుచేరినవారికిని హెచ్చును. మన దేశమువారు ముఖ్యముగా గుఱుతుంచుకొనవలసినది పొట్టలోని క్షయ. దానిలోను కడుపు నీరుపట్టును, దేహము చిక్కును, ఈ యంకె కొన్నివందలకు పెరుగును. క్యాన్సరని భయపడి కడుపు తెఱచి చూడగా క్షయయని తేలిన సందర్భములు వైద్యగ్రంథములందు చాల గలవు. క్షయకు మందులున్నవి, నయమగును. అందుచేతనే ముక్కదీసి సూక్ష్మదర్శినితో జూడనిదే వైద్యులు తుదిమాట చెప్పరు.

ఇది యొక వైపు. రెండవ వైపున, నిప్పుండియు పొగ రానివారున్నారు. అండాశయపు క్యాన్సరున్న నూర్గురిలో సుమారు ఇరువదిమందికి ఈ పదార్థము హెచ్చదు. మొదటి దశలోనున్నవారిలోనైతే సగముమందికి మాత్రమే హెచ్చును. కావున 35 లోపుగా వచ్చినదని లక్షణములను ఉపేక్షించుటయు పొరపాటే.

మన ఆయుర్వేదవైద్యులకు అష్టస్థానపరీక్ష యనునది కలదు. నాడి, మూత్రము, మలము, నాలుక, కంఠధ్వని, స్పర్శ, కన్నులు, ఆకృతి – ఈ యెనిమిదింటిని జూచి నిర్ణయింపవలెనే గాని నాడి నొక్కదానిని పట్టి కాదు. నేటి వైద్యమునందును అదే నీతి. 1990లో ఇంగ్లండున ఇయన్ జేకబ్స్ మొదలగువారు ఒక సులభమైన లెక్కను ఏర్పఱచిరి. సి.ఏ. 125 అంకెను రెండు ఇతర సంఖ్యలతో గుణింపవలెను. ముట్లుడిగినవారైనచో 3, కానిచో 1. స్కానింగులో అనుమానింపదగిన గుఱుతులు ఏవియు లేనిచో 0, ఒకటియున్నచో 1, రెండు గాని అంతకెక్కువ గాని యున్నచో 3. వచ్చిన ఫలము 200 దాటినచో క్యాన్సరు చికిత్సలో నేర్పరియైన శస్త్రవైద్యునియొద్దకు పంపవలెనని నియమము. ఉదాహరణమునకు, ఇద్దఱు స్త్రీలకు సి.ఏ. 125 అరువదియే యున్నదనుకొనుడు. ఒకామె ముప్పదియేండ్లది, స్కానింగులో ఒకే గుఱుతున్నది. 60ని ఒకటితో ఒకటితో గుణింపగా 60. రెండవయామె అరువదియేండ్లది, రెండు గుఱుతులున్నవి. 60ని మూడుతో మూడుతో గుణింపగా 540. అంకె యొక్కటే, అర్థములు వేఱు.

మా వీధి కోడలి కథ యిట్టిదే. వయసు చిన్నది, నొప్పి నెలసరితో వచ్చిపోవునది. స్కానింగు చూచిన వైద్యురాలు ఎండోమెట్రియోసిస్ అని చెప్పి మందులిచ్చిరి. అత్తగారి కన్నీరు వ్యర్థమైనది, సంతోషము. హెచ్.ఇ. 4 అను మఱియొక పదార్థము కలదు. ఎండోమెట్రియోసిస్‌లో అది సాధారణముగా హెచ్చదు కనుక రెంటిని కలిపి చూచుట యుపయోగకరము. కాని మూత్రపిండములు చెడినవారికి అది హెచ్చును. దోషములేని సాక్షి యెచ్చటను లేడు.

చిన్నబాలికలకు, యువతులకు వచ్చు అండాశయపు గడ్డలు కొన్ని వేఱుజాతివి. వానికి ఆల్ఫా ఫీటోప్రోటీను, బీటా హెచ్.సి.జి., ఎల్.డి.హెచ్. అనువానిని పరీక్షింతురు.

అట్లయిన అందఱును చేయించుకొనవలెనా?

ఆరోగ్యముగా నున్న ప్రతి స్త్రీకిని ఏటేట ఈ పరీక్ష చేసినచో వ్యాధిని ముందే పట్టుకొనలేమా యని యెవరికైనను తోచును. ఈ ప్రశ్నను బ్రిటనునందు మిక్కిలి పెద్దయెత్తున పరీక్షించిరి. 2001 మొదలు 2005 వఱకు, 50 నుండి 74 ఏండ్లలోపు స్త్రీలను రెండులక్షలకు పైగా చేర్చుకొనిరి. ఉషా మీనన్, ఇయన్ జేకబ్స్ మొదలగువారు ఈ కార్యమును నడపిరి. ఒక వర్గమువారికి ఏటేట సి.ఏ. 125ను కొలిచి, అంకె మారు తీరును గమనించిరి. 2021లో తుదిఫలితము ప్రకటితమైనది. పరీక్షలు లేనివర్గముతో పోల్చగా వీరిలో మొదటి దశలో బయటపడినవారు హెచ్చిరి, నాలుగవ దశవారు తగ్గిరి. అయినను మరణములు తగ్గలేదు. దశను ముందుగా పట్టుకొన్నంతమాత్రమున ప్రాణము నిలువలేదన్నమాట.

అమెరికాలో 78,216 మందితో జరిగిన మఱియొక ప్రయోగముయొక్క ఫలితము 2011లో వచ్చినది. అందును మరణములు తగ్గకపోగా, వ్యాధిలేకయే పరీక్షలో అనుమానము కలిగినవారు 3,285 మంది. వారిలో 1,080 మంది శస్త్రచికిత్సకు లోనైరి. అందు 163 మందికి తీవ్రమైన చిక్కులు కలిగెను. వ్యాధి లేని స్త్రీకి కడుపుకోత తెచ్చిన పరీక్షను మేలనగలమా? ఈ కారణముచేతనే లక్షణములు లేని సామాన్యస్త్రీలకు వైద్యసంఘములు దీనిని విధించుట లేదు. కొన్ని ప్రయోగశాలలవారు పండుగలకు "సంపూర్ణ దేహపరీక్ష" యని చేర్చి యమ్ము కట్టలలో ఈ పరీక్ష కనబడినచో, సోదరీమణులు ఈ మాట గుఱుతుంచుకొందురుగాక.

దశను, గతిని రక్తము చెప్పగలదా?

ఇక పెద్దమ్మగారి ప్రశ్నకు వత్తము. వ్యాధి యెంత యెక్కువగా వ్యాపించినచో ఈ యంకె అంత హెచ్చుగా నుండుట సామాన్యమే. ముదిరిన దశలలో నూటికి తొంబదిమందికి హద్దు దాటియుండును. కాని అంకెకును దశకును తక్కెడకు గుండువలె సరిపోలిక లేదు. గడ్డ స్వభావమునుబట్టి కొన్ని ఈ పదార్థమును విస్తారముగా వెలువఱచును, కొన్ని వెలువఱపవు. 500 దాటినచో శస్త్రవైద్యుడు రోగమును పూర్తిగా తొలగింపలేడని కొందఱు పరిశోధకులు ఒకప్పుడు హద్దు గీచిరి. తరువాతి పరిశీలనములలో ఆ హద్దు నిలువలేదు. దశను నిర్ణయించునవి స్కానింగు, శస్త్రవైద్యుని కన్ను, సూక్ష్మదర్శిని. రక్తము వానికి తోడు మాత్రమే.

సామాన్యమైన రక్తపరీక్షలోని యితర అంకెలును కొంత చెప్పును. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటుట యొక గుఱుతు. హ్యూస్టన్ నగరపు ఎం.డి. ఆండర్సన్ క్యాన్సరు సంస్థవారు మొదలగు పరిశోధకులు 2012లో 619 మంది రోగులను పరిశీలింపగా నూటికి 31 వంతులవారికి అట్లున్నది. వారికి వ్యాధి ముదిరియుండుటయు, ఆయుర్దాయము తక్కువగుటయు కనబడెను. కారణమును గూడ కనుగొనిరి. క్యాన్సరు గడ్డ ఒక సందేశపదార్థమును రక్తములోనికి వదలును. దానిచే కాలేయము ప్రేరితమై, ఎముకలలోని మూలుగచే ప్లేట్‌లెట్లను హెచ్చుగా తయారుచేయించును. ఆ ప్లేట్‌లెట్లు మరల గడ్డ పెరుగుదలకే సాయపడును. ఇంటిదొంగకు కావలివాడే నిచ్చెన వేసినట్లున్నది. తెల్లకణములలో న్యూట్రోఫిలులు హెచ్చి లింఫోసైటులు తగ్గుట, సి.ఆర్.పి. హెచ్చుట, ఆల్బుమిను తగ్గుట, రక్తహీనత – ఇవియు సాధారణముగా మంచి సూచనలు కావు. కాని చిన్న జ్వరము, దంతపు వాపు కూడ వీనిలో కొన్నింటిని మార్చును. ఆల్బుమిను, రక్తహీనత మాత్రము మన వంటయింటికి సంబంధించినవి. చికిత్సకు ముందు రోగికి పప్పు, పాలు, గ్రుడ్డు మొదలగు పుష్టికరమైన యాహారము వైద్యుల సలహాపై పెట్టి బలము చేకూర్చుట మనచేతిలోని పని.

2019లో జపానుదేశపు పరిశోధకులు మఱియొక మార్గమును త్రొక్కిరి. క్యాన్సరున్న 334 మందియు, సామాన్యపు గడ్డలున్న 101 మందియు శస్త్రచికిత్సకు ముందిచ్చిన రక్తపరీక్షలలోని 32 అంశములను గణనయంత్రమునకిచ్చి, అదియే నేర్చుకొని చెప్పునట్లు చేసిరి. గడ్డ క్యాన్సరా కాదా యనుదానిని యంత్రము నూటికి 92 వంతులు సరిగా చెప్పెను. కాని దశ తొలిదా, ముదిరినదా యని యడిగినచో నూటికి 69 వంతులే సరిపోయెను. ముప్పదిరెండు సాక్షులు కలసి చెప్పినను దశ విషయమున మువ్వురిలో నొకరికి తప్పుచున్నదన్నమాట. అయినను ఆ పరిశోధనలో నొక మంచి సంగతి తేలినది. తొలిదశలో నున్నవారిలోనే కొందఱి రక్తము ముదిరినవారి రక్తమును పోలియుండెననియు, వారి ముందుగతియు అంత బాగుగా లేదనియు కనుగొనిరి. దశ యొక్కటే సర్వము కాదనుటకు ఇది సూచన.

ఒక అంకె కాదు, అంకెల వరుస

ఒక్క మెతుకు పట్టి చూచిన అన్నము ఉడికినదో లేదో తెలియునని మనకు తెలుసును. ఈ అంకె విషయమున ఆ న్యాయము చెల్లదు. చికిత్స మొదలైన పిమ్మట వరుసగా వచ్చు అంకెలు ఎట్లు దిగుచున్నవో చూచుటయే సి.ఏ. 125 వలన గలుగు నిజమైన యుపకారము. ఆరంభమున నున్న అంకె సగమునకు దిగి నిలిచినచో చికిత్స పనిచేయుచున్నదని వైద్యుల యంగీకారము.

ఫ్రాన్సుదేశమున బెనోవా యూ అను వైద్యుడును సహచరులును ఈ దిగుడువేగమునకు కెలిమ్ అను లెక్కను ఏర్పఱచి, 2020లో విస్తారముగా పరీక్షించి చూపిరి. కీమోచికిత్స తొలి నూఱుదినములలో కనీసము మూడుసార్లు కొలిచిన అంకెలను తీసికొని గణింతురు. ఫలము 1 గాని అంతకు మించి గాని యున్నచో మందునకు రోగము లొంగుచున్నదని, తక్కువైనచో వేఱు ఉపాయము లాలోచింపవలెనని భావము. ఆరంభమున 1,180 యుండుటకంటె, అది త్వరగా దిగుచున్నదా లేదా యనుటయే ముఖ్యమని దీనినిబట్టి తెలియుచున్నది.

మా పెద్దమ్మగారికి మూడవ దశయని శస్త్రచికిత్సలో తేలెను. మూడు విడతల కీమో, శస్త్రచికిత్స, మరల మూడు విడతలు. నేనొక చిన్న పుస్తకమున తేదీలను, అంకెలను వరుసగా వ్రాసియుంచితిని. 1,180 మొదలు 410, 132, 47, తుదకు 12. ఆ వరుసను పెద్దమ్మగారికి చూపించి, "నీవడిగిన ప్రశ్నకు ఇది బదులు, పెద్దమ్మా. ముప్పదిమూడు రెట్లనుట యర్థము కాదు. ఎటు పోవుచున్నదో చూడవలెను" అంటిని. ఆమె ఆ కాగితమును మడిచి పూజామందిరములో పెట్టుకొనిరి.

తెలిసికొనుట మేలా, తెలియకుండుట మేలా?

చికిత్స ముగిసిన పిమ్మట మూడుమాసముల కొకసారి పరీక్ష. ఆ పరీక్షకు వారముదినములు ముందునుండి పెద్దమ్మగారికి నిద్దురలేదు, అన్నము సయింపదు. ఫలితము వచ్చి మంచిదని తేలినపిమ్మట పదిదినములు సుఖము. మరల లెక్కింపు మొదలు. ఇట్టి బ్రతుకునుగూర్చియే ఇంగ్లండున, ఐరోపాదేశములలోను ఒక ప్రయోగము జరిగి, 2010లో ఫలితము వెలువడెను. చికిత్సచే రోగము మాయమైన 1,442 మందికి మూడుమాసముల కొకసారి సి.ఏ. 125ను కొలిచిరి, కాని ఆ యంకెలను రోగికిగాని వైద్యునికిగాని చెప్పలేదు. హద్దునకు రెట్టింపైన 529 మందిని రెండు భాగములుచేసి, ఒకరికి వెంటనే చికిత్స మొదలిడిరి. రెండవవారికి లక్షణములు కనబడినపిమ్మటనే చేసిరి. మొదటివర్గమువారు అయిదుమాసములు ముందుగా కీమోకు లోనైరి. కాని ఆయుర్దాయము పెరుగలేదు. ఒకరి నడిమివిలువ 25.7 మాసములు, రెండవవారిది 27.1 మాసములు. ముందుగా మందు పట్టినవారి సుఖము ముందుగనే తగ్గెను.

ఇంతటితో చర్చ ముగియలేదు. తరువాత క్రొత్త మందులు వచ్చినవి. తిరిగి వచ్చిన రోగమును తగినవారిలో మరల శస్త్రచికిత్సచే పూర్తిగా తొలగించినచో ఆయువు పెరుగునని 2021లో వెలువడిన మఱియొక ప్రయోగము చూపినది. అట్టివారిని ముందుగా గుర్తించుటకు పరీక్ష పనికివచ్చునని కొందఱు వైద్యుల వాదము. కాబట్టి పరీక్ష చేయించుకొనవలెనా, లక్షణములకై వేచియుండవలెనా యనునది రోగియు వైద్యుడును కలసి తేల్చుకొనవలసిన విషయము.

పెద్దమ్మగారి వైద్యుడు ఈ రెండు పక్షములను వివరించి, "మీ యిష్టమేమి?" అని ఆమెనే యడిగెను. కుమారులు పరీక్ష మానరాదనిరి. ఆమె కొంతసేపు యోచించి, "నాయనా, నెలకొకమారు మీరు నన్ను చేయి పట్టి చూడుడు. కడుపులో తేడా తెలిసిన మఱునాడే వత్తును. నడుమ నా నిద్దుర నాకీయుడు" అని పలికిరి. ఆ రోజు మగవారందఱి యెదుట ఆమె మాటయే నెగ్గినది. మొదట అంకెను ఆమెనుండి దాచినవారమే, దేహము ఆమెది గనుక నిర్ణయమును ఆమెదేయని ఆనాటికి నేర్చుకొంటిమి. మఱియొక స్త్రీ ప్రతి అంకెను తెలిసికొనుటయే తనకు ధైర్యమని చెప్పిన, అదియు న్యాయమే.

ఇంట గుఱుతుంచుకొనవలసినవి

కడుపుబ్బరము, కొంచెము తినగనే నిండినట్లుండుట, పొత్తికడుపున నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట – ఇవి క్రొత్తగా మొదలై నెలకు పండ్రెండుసార్లకు మించి వచ్చుచున్నచో, ముఖ్యముగా ఏబదియేండ్లు దాటినవారు, కషాయములతో కాలము గడపక వైద్యుల దర్శింపవలెను. ఇట్టివారికి సి.ఏ. 125ను కొలిచి, 35 గాని అంతకు మించి గాని యున్నచో స్కానింగు చేయవలెనని 2011లో ఇంగ్లండు వైద్యనియమావళి విధించినది. లక్షణములున్నవారికి పరీక్ష వేఱు, ఊరక చేయించుకొను పరీక్ష వేఱు.

నెలసరిదినములలో ఈ పరీక్ష చేయింపరాదు. మరల మరల కొలువవలసినప్పుడు ఒకే ప్రయోగశాలలో చేయింపవలెను. పద్ధతులు వేఱైనచో అంకెలు పోల్చుటకు కుదరదు. తేదీలతో వరుసగా వ్రాసియుంచుకొని వైద్యునికి చూపవలెను. తల్లికిగాని, తోబుట్టువుకుగాని, మేనత్తకుగాని అండాశయపు క్యాన్సరో, చిన్నవయసున రొమ్ముక్యాన్సరో వచ్చియున్నచో ఆ సంగతి దాచక చెప్పవలెను. బి.ఆర్.సి.ఏ. అను జన్యువులలోని దోషము వంశమున నున్నదేమో రక్తముచేతనే తెలిసికొనవచ్చును. అట్టివారికి ముందుజాగ్రత్తలును వేఱు, పనిచేయు మందులును వేఱు.

అన్నిటికంటె ముఖ్యమైనది, సెల్‌ఫోనునకు వచ్చిన అంకెను చూచి ఇంటిలో తీర్పు చెప్పకుండుట. రక్తము సాక్ష్యము చెప్పును. తీర్పు చెప్పవలసినవారు వేఱుగా నున్నారు. మా పెద్దమ్మగారి చికిత్స ముగిసి మూడేండ్లు గడచినది. నిరుడు సంక్రాంతికి అరిసెలపాకము ఆమెయే పట్టిరి. ఆ అంకెల కాగితము ఇప్పటికిని పూజామందిరములోనే యున్నది. తరువాతి గడిలో ఏ యంకె పడునో యెవరికి తెలియును? ఆమె మాత్రము ఆ గడిని ఖాళీగా విడిచి, సుఖముగా నిద్రించుచున్నారు.